కవర్ల పడ్డ ఓటు

దేవమ్మ బూత్‌ల అడుగు పెట్టేసరికే దేవమ్మ ఓటేసి పోయిందట. గీ మాట చెప్పింది ఎవడో తాగుబోతు కాదు, సర్కారు పంపిన ఆఫీసరు. లిస్టు మీద వేలు పెట్టి, రెండు వందల పదిహేడో నంబరు, దేవమ్మ, భర్త సత్తయ్య, పొద్దుగాల ఎనిమిదిన్నరకే ఓటు పడ్డదమ్మా అని సల్లగ చెప్పిండు. దేవమ్మ ఎడమ చెయ్యి చాపి వేళ్లన్నీ విప్పి చూపిచ్చింది. సిరా సుక్క లేదు. కుడి చెయ్యి గూడ చూపిచ్చింది. అక్కడ పొద్దున వంటలో కాలిన మచ్చ తప్ప ఇంకేం లేదు.

ఆమె ఆ ఓటు కోసం ఎంత దూరం నుంచి వచ్చిందో తెలిస్తే మీకు గూడ కడుపు మండుతది. తెల్లాపూర్‌ల ఇరవై రెండంతస్తుల బిల్డింగ్‌ల మూడిండ్లకు వంట చేస్తది దేవమ్మ. ఆ పొద్దు మూడిండ్ల పని నాలుగున్నరకే మొదలువెట్టి, ఒక ఇంటి మేడమ్ మొఖం ముడుచుకుంటే ముడుచుకోనీ అనుకొని, ఆటోల పటాన్‌చెరు దాక వచ్చి, అక్కడ సంగారెడ్డి బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఇంకో ఆటో దొరకక రెండు కిలోమీటర్లు నడిచి రేగులగూడ చేరింది. అరవై రెండేండ్ల మనిషి.

మూడెకరాల ఆసామి పెండ్లాం ఒకరింట్ల చపాతీలు ఒత్తుడేందని అడుగుతరేమో. అడగాల్సిందే. ఆమె చేను కుంట ఇవతల ఉంటది. కుంట అవతల మందుల కంపెనీ వచ్చి తొమ్మిదేండ్లాయె. మొదటి ఏడు బోరు నీళ్లు వాసనొచ్చినయి. రెండో ఏడు పసుపు రంగు తిరిగినయి. మూడో ఏడు నారు పోస్తే నారు మాడింది, కాళ్లు పెడితే కాళ్లు పొక్కినయి. సత్తయ్య ఆ నీళ్లను సీసాలల్ల పట్టుకొని ఆఫీసులన్నీ తిరిగిండు. తిరిగి తిరిగి నాలుగేండ్ల కింద పోయిండు. పైపులు, మోటరు ఇప్పటికీ చేన్లనే ఉన్నయి, నీళ్లే పనికిరావు. గందుకే ఆమె ఊరిడిచి తెల్లాపూర్ పోయింది, కొడుకుల్లేరు, బిడ్డ లగ్గమై జహీరాబాద్ దిక్కు ఉన్నది.

ఇగ ఇప్పుడు ఆ కంపెనీ రెండో షెడ్డు పెడతనంటున్నది, కుంట ఇవతలనే, దేవమ్మ గెట్టు పక్కకే. దానికి పంచాయతి తీర్మానం కావాలె. తీర్మానం మీద సర్పంచ్ సంతకం కావాలె. అది పడ్డదంటే ఆ మూడెకరాల మీద ఆశ పూర్తిగ ఇడిసిపెట్టుడే. ఆ చేను ఎప్పటికన్న మళ్లొకసారి పచ్చగైతదని ఆమె ఇంకా అనుకుంటున్నది, అందుకే ఎన్ని బేరాలొచ్చినా అమ్మలే. అందుకే ఈసారి సర్పంచ్ ఎవరైతరన్నది ఆమెకు పేపర్ల ముచ్చట కాదు, బతుకు ముచ్చట.

నిలబడ్డది ఇద్దరు. ఉంగరం గుర్తు మీద విమల, కత్తెర గుర్తు మీద జైపాల్. పంచాయతి ఎలక్షన్లకు పార్టీల్లేవని సర్కారు అంటది. అది సర్కారు కాయిదాల మాట. ఊర్ల చిన్న పోరగాన్నడిగినా ఉంగరం వెనుక ఏ పార్టీ ఉన్నదో, కత్తెర వెనుక ఏ పార్టీ ఉన్నదో చెప్తడు. జైపాల్ కంపెనీకి కూలోళ్లను పంపే కాంట్రాక్టరు, సంతకం పెడతనని బాజాప్తా చెప్పిండు. విమల ప్రైవేటు బడిల టీచరు, ముప్పై నాలుగేండ్లది, సంతకం పెట్టనని చెప్పింది.

మా ఊరు రెండు ముక్కలైన తీరు చెప్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది. చాయ్ హోటళ్లు రెండు. వినాయకులు రెండు. ఈ పార్టోడి ఆటోల ఆ పార్టోడు ఎక్కడు, వానల తడుసుకుంట పోతడు గాని ఎక్కడు. లగ్గం పత్రిక పంచాలన్నా ముందు రంగు చూసుకోవాలె. సత్తయ్య దినాల నాడు దేవమ్మ రెండు వందల మందికి వండిపిచ్చింది. వంట చేసినోళ్లు ఒక పార్టీ మనుషులని తెలిసి రెండో పార్టోళ్లు గడప తొక్కలే. సత్తయ్యతోటి కలిసి నాగలి పట్టినోళ్లు, ఆయన పాడె మోసినోళ్లు గూడ రాలే. అన్నం గంపలకు గంపలు మిగిలింది. దేవమ్మ ఆ అన్నాన్ని చూసుకుంట ఎంతసేపు కూసున్నదో ఆమెకే తెల్వది. లేచి సక్కగ పంచాయతి ఆఫీసు ముందుకు పోయి, కొంగు నడుముకు చెక్కి, రెండు పార్టోళ్లకు వినపడేటట్టు ఒట్టు పెట్టింది. నా ఓటు మీ రెండు మందల్ల ఏ మందకూ పడది, మీ మొఖాలకు ఓటేసుడు కంటే ఇంట్ల పండుకుంట అన్నది. కోపంల అన్న మాట. అది ఇద్దరూ మంచిగ గుర్తుపెట్టుకున్నరు. మనిషి గోస యాదికుండదు గాని, మనిషి ఓటేస్తదా ఎయ్యదా అన్నది మాత్రం వీళ్లకు మంచిగ యాదికుంటది.

ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టిచ్చింది విమలనే. నెల కింద తెల్లాపూర్ వచ్చి, బిల్డింగ్ గేటు కాడ సెక్యూరిటోడు లోపలికి రానియ్యకపోతే గంటన్నర బయటనే నిలబడి, దేవమ్మ పని అయ్యి బయటికొచ్చినంక ముచ్చట పెట్టింది. పెద్దమ్మా, నీ బోరు నీళ్లు నేను బడి పిల్లలకు గిలాసల పోసి చూపిచ్చిన, ఆ పిల్లలకు ఉన్న సోయి పెద్దోళ్లకు రావాలె, నువ్వు రా అన్నది. దేవమ్మ ఆమె దిక్కు చూసి, ఆమె కాళ్లకున్న దుమ్ము దిక్కు చూసి, వస్త అన్నది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

అట్లొచ్చిన మనిషికి ఆఫీసరు, నీ ఓటు పడ్డదమ్మా అన్నడు.

ఆ ఆఫీసరు పేరు వెంకటరామయ్య. స్కూల్ టీచరు, ఈ ఊరికి కొత్త. మంచోడే. రూలు పుస్తకం ముందల పెట్టుకొని, దాని మీద చెయ్యి తియ్యకుంట పని చేసే మనిషి. దేవమ్మ ఆధార్ కార్డు చూసిండు, మొఖం చూసిండు, మళ్లా కార్డు చూసిండు. ఈమె దేవమ్మేనా అని పక్కన బల్ల మీద కూసున్న ఏజెంట్లనడిగిండు.

ఆ బల్ల మీద ఇద్దరున్నరు. ఉంగరం తరఫున సుధీర్, కత్తెర తరఫున మల్లేష్. దొంగ ఓటు ఎవరన్న ఎయ్యొస్తే, ఈ మనిషి ఆ మనిషి కాదని ఆపుడే వాళ్ల పని. గందుకే ఊర్ల అందరి మొఖాలు తెలిసినోళ్లను కూసోవెడతరు. సుధీరైతే దేవమ్మకు సొంత మరిది కొడుకు. పుట్టినప్పుడు వాని బొడ్డు కోసిన మంత్రసానికి చీర పెట్టింది దేవమ్మ. వాడు ఆమె మొఖం దిక్కు చూడలే, చేతిల ఉన్న పెన్ను దిక్కు చూసిండు.

"ఈమె దేవమ్మే సార్" అన్నడు మల్లేష్.

"దేవమ్మే" అన్నడు సుధీర్.

మరి పొద్దున వచ్చిన దేవమ్మ ఎవరని వెంకటరామయ్య అడిగిండు. ఆమె వచ్చినప్పుడు మీరిద్దరు ఇక్కడనే కూసున్నరు గద, ఒక్కరన్న అభ్యంతరం చెప్పలేదేంది అన్నడు. బల్ల మీద ఇద్దరూ ఒక్క తీరుగ తల కిందికేసిండ్రు. ఊరి ముందట ఏండ్ల సంది ఒకరి మొఖం ఒకరు చూసుకోని ఇద్దరు మనుషులు, ఒక్క బల్ల మీద భుజాలు ఆనిచ్చుకొని, ఒక్క తీరుగ నోరు మూసుకొని కూసున్నరు.

వెంకటరామయ్య పుస్తకం తెరిచి, ఇట్లాంటి దానికి టెండర్ ఓటని ఉంటదమ్మా అని చెప్పిండు. మీ ఓటు ఇంకొకరు ఏసి పోతే మీకు వేరే కాయిదం ఇస్తం, మీరు ముద్ర ఏసి నా చేతికియ్యాలె అన్నడు. వార్డుకు తెల్ల కాయిదం, సర్పంచ్‌కు గులాబి కాయిదం ఇచ్చిండు, ఎనుక టెండర్ అని రాసి. దేవమ్మ అట్టపెట్టె చాటుకు పోయి, గులాబి కాయిదం మీద ఉంగరం బొమ్మకు ముద్ర ఒత్తింది. గట్టిగ ఒత్తింది, సత్తయ్య సీసాలన్నీ కలిపి ఒత్తినట్టు. మడతవెట్టుకొని వచ్చి డబ్బాల ఎయ్యబోతే ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టిండు. డబ్బాల కాదమ్మా, ఈ కవర్ల అన్నడు. ఖాకీ కవర్ల పెట్టి, అంటుపెట్టి, సీలేసిండు.

"ఇది ఎప్పుడు లెక్కవెడతరు సారూ?"

వెంకటరామయ్యకు అబద్ధం చెప్పుడు రాదు. లెక్కవెట్టరమ్మా, కోర్టు ఇప్పమంటేనే ఇప్పుతరు అన్నడు.

"లెక్కవెట్టనప్పుడు నాతోని ఎందుకు ఏపిచ్చుకున్నవు?"

ఆయన రూలు పుస్తకం మూసి, కవరు మీద ఆమె నంబరు రాసిండు. వెనుక లైన్ల ఉన్నోళ్లు జల్దీ జల్దీ అని తొందరపెడితే దేవమ్మ బయటికొచ్చింది. చూడుండ్రి, ఓటు ఏసినోళ్లు ఎన్ని వందల మందో, వాళ్ల ఓట్లన్నీ డబ్బాల పడ్డయి. దొంగ ముండ ఎవతో ఏసిన ఓటు గూడ డబ్బాల పడ్డది, దర్జాగ లెక్కకొస్తది. అసలు మనిషి ఏసిన ఓటు మాత్రం కవర్ల పడ్డది. ఇట్లాంటి గమ్మతి రూలు రాసినోడు ఎవడో గాని, వాని ఇంట్ల ఎవరి ఓటూ పోలేదన్న మాట.

ఒంటిగంటకు పోలింగ్ బంద్ అయింది. సుధీర్ చాయ్ తాగనీకి బయటికొస్తే బడి గోడ కాడ దేవమ్మ వాని చెయ్యి పట్టుకున్నది. తప్పిచ్చుకోవాలని చూసిండు గాని చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకొనే నడక నేర్చిండు, గుంజుకోలేకపోయిండు. మొదలు నాకేం తెల్వదన్నడు. తర్వాత, పెద్దమ్మా నువ్వే ఒట్టు పెట్టుకున్నవు గద అన్నడు. ఆఖరుకు అంతా కక్కిండు.

ఊరి లిస్టుల ఇరవై ఎనిమిది పేర్లున్నయట. సచ్చినోళ్లవి, ఊరిడిచి పోయినోళ్లవి, రానోళ్లవి. మూడు ఎలక్షన్ల కింద ఈ పేర్ల మీదనే రెండు పార్టోళ్లకు నెత్తులు పగిలినయి. ఆ తర్వాత ఒక ఒప్పందానికొచ్చిండ్రు. ఎలక్షన్ల ముందు రోజు రెండు దిక్కుల ఏజెంట్లు రోడ్డు మీది దాబాల కూసుంటరు, లిస్టు ముందల పెట్టుకుంటరు, ఆ పేర్లను చెరిసగం పంచుకుంటరు. నీ పద్నాలుగు మంది వస్తే నేను కండ్లు మూసుకుంట, నా పద్నాలుగు మంది వస్తే నువ్వు కండ్లు మూసుకో. లొల్లి లేదు, కేసుల్లేవు. మొన్న గూడ అట్లనే పంచుకున్నరు. దేవమ్మ పేరు రానోళ్లల్ల ఉన్నది, ఒట్టు పెట్టుకున్నది గద, విమలకు మాటిచ్చిన సంగతి వీళ్లకు తెల్వది. అది మల్లేష్ వంతుకు పోయింది.

"పొద్దుగాల ఆమె వచ్చినప్పుడు నువ్వు సూసినవా లేదా?"

సూసిన అన్నడు సుధీర్. ఆమెను ఆపితే వాళ్లు మనోళ్లను పద్నాలుగు మందిని ఆపుతరు పెద్దమ్మా, ఒక్క ఓటు కోసం పద్నాలుగు ఓట్లు పోగొట్టుకోవాల్నా అన్నడు. వాడు అది ఎంత లెక్కగ, ఎంత తెలివిగ చెప్పిండంటే, దేవమ్మకు వాని చెంప పగలగొట్టాలని కూడా అనిపియ్యలే, అంత అసహ్యమయింది. చెయ్యి ఇడిసిపెట్టింది.

ఇగ చెప్పుండ్రి. సచ్చినోని దినాలకు అన్నం తిననియ్యని పార్టీలు, సచ్చినోని ఓటును మాత్రం ఒక్క బల్ల మీద కూసొని ఒక్క పల్లెంల తిన్నట్టు పంచుకున్నయి. పగ ఎవరికి? మనకు. వానల తడుసుకుంట నడిచేది మనం, అన్నదమ్ముల ఇండ్ల నడుమ గోడ కట్టుకునేది మనం. వాళ్లు దాబాల కూసొని ఒకరికొకరు ఉల్లిగడ్డ ముక్కలు అందిచ్చుకుంటరు. ఇది ప్రజాస్వామ్యమట. దేవమ్మకు ఆ మాట నోరు తిరగది గాని, దాని మీద తుపుక్కున ఊంచాలనిపిచ్చింది.

రెండు గంటలకు కౌంటింగ్ మొదలయింది. నాలుగున్నరకు లెక్క తేలింది. ఉంగరం మూడు వందల డెబ్బై ఒకటి, కత్తెర మూడు వందల డెబ్బై ఒకటి. మళ్లా లెక్కవెట్టిండ్రు. మళ్లా గదే. మూడోసారి గూడ గదే.

బయట రెండు గుంపులు గొంతులు చించుకుంటున్నయి. కిటికి కాడ నిలబడ్డ దేవమ్మకు లెక్క ఒక్క నిమిషంల అర్థమయింది. తన పేరు మీద పడ్డ దొంగ ఓటు తీసేస్తే కత్తెరకు ఒకటి తగ్గుతది. కవర్ల ఉన్నది కలిపితే ఉంగరానికి ఒకటి పెరుగుతది. సుధీర్ పద్నాలుగు ఓట్ల కోసం వదులుకున్న ఆ ఒక్క ఓటే ఇప్పుడు ఊరి సర్పంచ్. ఆమె తలుపు కాడికి పోయి, సారూ నా కవరు ఇప్పు అన్నది. వెంకటరామయ్య నా చేతుల లేదమ్మా, సమానమైతే చిట్టీలు తియ్యాలె, రూలు అన్నడు.

విమలకు అప్పటిదాక దాబా ముచ్చట తెల్వది. దేవమ్మ చెప్పినంక ఆమె మొఖం తెల్లబోయింది. సుధీర్ నిజమా అని అడిగితే వాడు నేల చూపులు చూసిండు. నాకెందుకు చెప్పలే అంటే, చెప్తే నువ్వు వద్దంటవు గద అక్కా అన్నడు. దేవమ్మ విమల భుజం పట్టుకొని, చిట్టీలకు ఒప్పుకోకు, ఉన్నదున్నట్టు కాయిదం మీద రాసియ్యి, దొంగ ఓట్లు పడ్డయని చెప్పు, నేనుంట నీ పక్క అన్నది.

అప్పుడు చూడాల్సింది తమాష. మల్లేష్ ఇటొచ్చిండు. ఇన్నేండ్ల సంది ఉంగరపోళ్ల నీడ గూడ తొక్కని మల్లేష్ వచ్చి సుధీర్ పక్కన నిలబడ్డడు. ఇద్దరూ కలిసి దేవమ్మకు చేతులు జోడిచ్చిండ్రు. లొల్లి చెయ్యకు, కేసైతే రెండు దిక్కుల పోరగాండ్లు జైలుకు పోతరు, ఊరి ఇజ్జత్ పోతది అన్నరు. రెండు గుంపులోళ్లు ఎనుక నుంచి అవునవునన్నరు. ఊరు ఒక్కటైన నాడు చూడాలని సత్తయ్యకు మస్తు కోరిక ఉండె. అయ్యింది చూడుండ్రి, ఆయన పెండ్లాం నోరు మూపిచ్చే కాడ అయ్యింది.

విమల రెండు గుంపుల దిక్కు చూసింది, దేవమ్మ చెయ్యిని భుజం మీద నుంచి తీసింది. ఆఖరుకు పోయి చిట్టీలకు ఒప్పుకుంటున్ననని సంతకం పెట్టింది. వెంకటరామయ్య రెండు చిట్టీలు రాసి, మడతవెట్టి, స్టీలు డబ్బాల ఏసి కలిపి, కండ్లు పక్కకు పెట్టి ఒకటి తీసిండు. ఉంగరం వచ్చింది.

డప్పులు, పటాకులు, గులాలు. ఎవరో దేవమ్మ నోట్లె లడ్డు కుక్కిండ్రు. నీ మనిషే గెలిచింది గద, ఇంకేం పరేషాన్ నీకు అన్నరు. దేవమ్మ ఆ లడ్డు మింగలేక, ఊంచలేక, కొంగుల పెట్టుకున్నది. గెలిచినోళ్లల్ల తనొక్కతే సంతోషం లేకుంట నిలబడ్డది. కోర్టుకు పోత అన్నది. ఆ మాట డప్పుల్ల ఎవరికీ వినపడలే, ఒక్క విమలకు వినపడ్డది.

విమల ఆమెను పక్కకు తీసుకపోయింది. నువ్వు కోర్టుకు పోతే ఈ గెలుపు మీద స్టే వస్తది పెద్దమ్మా, అది తేలేదాక ఏడాదో రెండేండ్లో, ఆ నడుమల కంపెనీ పని కంపెనీ చేసుకుంటది, నన్ను కుర్చీల కూసోనియ్యి, నేను సంతకం పెట్టను, నీ కాళ్లు పట్టుకొని చెప్తున్న అన్నది. నిజంగనే వంగింది. దేవమ్మ లేపింది. కుంట ఇవతలి మూడెకరాలు కండ్ల ముందట కదిలినయి. ఓటు కావాల్నా, చేను కావాల్నా అంటే ఏ రైతు ఓటంటది? సరే బిడ్డా అన్నది. తప్పు చేసింది. మంచి మనసుతోటి చేసింది గాని తప్పే చేసింది, ఈ ముచ్చట ఆమెకు నేను మొఖం మీదనే చెప్పిన.

గెలిచిన ఇరవై రెండో రోజు తీర్మానమయింది.

దేవమ్మకు ఆ ముచ్చట ఫోన్ల తెలిసింది. ఊర్ల ఎవరో ఫోటో పంపితే, వంట చేసే ఇంటి పిల్ల చదివి చెప్పింది. కంపెనీ రెండో షెడ్డుకు పంచాయతికి అభ్యంతరం లేదు, కింద విమల సంతకం, దాని కింద వార్డు మెంబర్ల సంతకాలు, ఉంగరపోళ్లవి కత్తెరోళ్లవి ఒక్క లైన్ల. దేవమ్మ స్టౌ బంద్ చేసి, కూర సగంల ఇడిసిపెట్టి, ఆ బట్టల మీదనే ఊరికొచ్చింది.

పంచాయతి ఆఫీసుల విమల ఒక్కతే కూసున్నది. దేవమ్మను చూసి లేచి నిలబడ్డది. ఏడుపు గొంతుతోనే జరిగింది చెప్పింది. జైపాల్ వచ్చిండట. సంతకం పెట్టకపోతే గడువు లోపల కోర్టుకు పోత, మీ పద్నాలుగు దొంగ ఓట్ల పేర్లు నా తాన ఉన్నయి, ఓడిపోయినోన్ని నాకేం పోతది, నీ కుర్చీ పోతది, సుధీర్ జైలుకు పోతడు అన్నడట. సుధీర్ గూడ పెట్టెయ్యి అక్కా అన్నడట. సుధీర్ కిరాయికి తిప్పే నీళ్ల ట్యాంకర్లు ఆ కంపెనీకే నడుస్తున్నయని విమలకు అప్పుడే తెలిసింది. మీటింగ్‌ల అందరూ చేతులెత్తిండ్రు పెద్దమ్మా, నా దిక్కు ఒక్కరు లేకుండె, ఒక్కదాన్ని ఏం చెయ్యాలె అన్నది.

"నేను లేనా? ఆ పొద్దు నీ భుజం పట్టుకొని చెప్పిన గద, నీ పక్క నేనుంటనని."

విమల కుర్చీ అంచు పట్టుకొని నిలబడ్డది.

"నా ఓటుతోని గెలిచి ఉంటే నాకు భయపడుదువు. చిట్టీతోని గెలిచినవు, వాళ్లు మూసిన నోర్లతోని గెలిచినవు. ఇగ వాళ్లకే భయపడ్తవు."

అంతే అన్నది. తిట్టలే, శాపం పెట్టలే. ఏడుస్తున్న మనిషిని ఓదార్చనూ లేదు. బయటికొచ్చి రోడ్డెక్కి, పటాన్‌చెరు దిక్కు పోయే బస్సు ఎక్కలే. అవతలి దిక్కుకు దాటి సంగారెడ్డి బస్సెక్కింది.

కోర్టు ముందల షెడ్డుల ప్రహ్లాద్ అనే వకీలు ఉంటడు. నడీడు మనిషి, చెవులతోటి వింటడు, మధ్యల ఫోన్ చూడడు, గది చాలా పెద్ద గుణం. దేవమ్మ మొదటి నుంచి చెప్పింది. ఆయన రాసుకున్నడు. గెలిచిన నాటి నుంచి నెల లోపల పిటిషన్ ఎయ్యాలె, ఇంకా ఎనిమిది రోజులున్నయి, ఊరి ఓటరువు కాబట్టి నువ్వు ఎయ్యొచ్చు అన్నడు. తర్వాత పెన్ను పక్కన పెట్టిండు.

ఆమెకు నిజం చెప్పాలనుకున్నడు. మీ సొంత మరిది కొడుకు పేరు ఇందుల రాయాల్సొస్తది అన్నడు. రాయి అన్నది. మల్లేష్ పేరు, విమల పేరు, జైపాల్ పేరు గూడ రాయాలె, ఊరంతా నీ మీద పడ్తది, రెండు పార్టీల్ల ఒక్క ఇంటోళ్లు నీళ్లియ్యరు అన్నడు. నీళ్లు ఇప్పుడు ఎవరిస్తున్నరు అన్నది.

ఇంకో ముచ్చటున్నదమ్మా అన్నడు ప్రహ్లాద్. సుధీర్ పద్నాలుగు మంది పేర్లు కోర్టుల నిలబెట్టుడు మన వశం కాదు, సాక్ష్యం ఎవడు చెప్తడు. నీ ఒక్క ఓటైతే కాయిదం మీద ఉన్నది, అది నిలుస్తది. కోర్టు ఆ కవరు ఇప్పుతదనుకో. జైపాల్‌కు మూడు వందల డెబ్బై, విమలకు మూడు వందల డెబ్బై రెండు. చిట్టీ అవసరమే లేకుంట ఆమె గెలిచినట్టైతది. నిన్ను మోసం చేసిన మనిషినే నువ్వు కోర్టుకు వచ్చి ఇంకా గట్టిగ గెలిపిచ్చినట్టైతది. షెడ్డు తీర్మానం దీనితోని ఆగది, దానికి వేరే కొట్లాట కొట్లాడాలె. మరి ఈ కేసు దేనికమ్మా?

షెడ్డుల వేరే వకీళ్లు గూడ ఆగి చూస్తున్నరు. దేవమ్మ లోపల నాలుగేండ్ల కోపముండె, సత్తయ్య కోపం, మిగిలిపోయిన అన్నం కోపం, ఆ బల్ల మీద ఒక్క తీరుగ వంగిన రెండు తలల మీద కోపం. అయినా గొంతు పెంచలే.

"ఆ కొట్లాట గూడ చేస్త, అది వేరే రాయి. కానీ సారూ, ఆమె గెలుస్తదా ఓడుతదా అని నేను రాలే. దాబాల కూసొని నన్ను సచ్చినోళ్లల్ల కలిపి పంచుకున్నరు. నేను బతికే ఉన్న. ఆ కవర్ల ఉన్నది మంచి ఓటో పిచ్చి ఓటో, నేను ఏసింది. ఇప్పి లెక్కవెట్టుమను."

ప్రహ్లాద్ పెన్ను తీసుకున్నడు. పిటిషన్ వేసే మనిషి పేరు చెప్పమ్మా అన్నడు. దేవమ్మ, భర్త సత్తయ్య, ఊరు రేగులగూడ అని చెప్పింది.